ఇంట్లో వైన్ పెట్టాలనుకుంటున్న అబ్బాయికి బాబాయ్ రాసే ఉత్తరం

ఒరే అబ్బాయ్, ద్రాక్షతో వైన్ పెడతాను ఏమేం సామాను కొనాలి బాబాయ్ అని అడిగావు కదా, ముందు నువ్వు పంపిన లిస్టులోంచి ప్రెస్సు, క్రషరు తీసెయ్. ఏడు కిలోల పండుకి అవి దండగ. శుభ్రంగా కడిగిన చేతులు, ఒక పలుచటి బట్ట సంచి ఉంటే చాలు. పండు చిదపాలని మిక్సీలో మాత్రం వెయ్యకు, గింజలు నలిగితే వచ్చే చేదు ఇక ఎన్నాళ్లు నిలవపెట్టినా పోదు.

అసలు సంగతి ఏంటంటే వైన్‌కి రెండు దశలు ఉంటాయి, రెండిటికీ కావాల్సిన గిన్నె వేరు. మొదటి వారం గాలి తగిలినా పర్లేదు, రసాన్ని పులియబెట్టే ఈస్ట్ పెరగడానికి కొంచెం గాలి కావాలి కూడా, అందుకే వెడల్పు మూతి బకెట్ తీసుకో. ఆ తర్వాత గాలే శత్రువు, అప్పుడు సన్నమూతి గాజు జార్ కావాలి. ఇది అర్థమైతే ఏ సామాను ఎందుకో నీకే తెలిసిపోతుంది.

బకెట్ ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్‌ది అయ్యుండాలి, కొత్తదే కొను, పచ్చళ్లు పెట్టిన డబ్బా వద్దు, ఆ వాసన ప్లాస్టిక్‌లోకి ఇంకి ఉంటుంది. లోపల గీతలు పడ్డా పనికిరాదు, ఆ గీతల్లో బాక్టీరియా దాక్కుంటుంది. ఏడు కిలోల ద్రాక్షకి రమారమి నాలుగున్నర లీటర్ల వైన్ వస్తుంది కానీ బకెట్ మాత్రం పది పన్నెండు లీటర్లది ఉండాలి, ఎందుకంటే పులవడం మొదలయ్యాక గ్యాసు తొక్కలన్నిటినీ పైకి తోసి మందంగా తెట్టులా కట్టిస్తుంది, నిండుగా పోశావంటే పొంగి కిందికి కారుతుంది. ఆ తెట్టుని రోజుకి రెండుసార్లు పొడుగు స్టీలు గరిటెతో కిందికి ముంచాలి, లేకపోతే పైన ఎండిన తొక్కలకి బూజు పడుతుంది, రంగు కూడా రసంలోకి సరిగా దిగదు. బకెట్ మీద బట్ట గట్టిగా కట్టు, చిన్న చిన్న పండు ఈగలు లోపలికి పోతే వైన్ కాస్తా వెనిగర్ అవుతుంది. ఇనుము, రాగి, ఇత్తడి, జింక్ పూత వేసినవి రసానికి తగలనివ్వకు, పులుపు వాటిని తినేస్తుంది. మంచి స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే భయం లేదు.

ఇక హైడ్రోమీటర్, అంటే రసం నీళ్లకన్నా ఎంత చిక్కగా ఉందో చూపించే అంకెల గాజు గొట్టం, చక్కెర ఎక్కువుంటే అంకె ఎక్కువ. ఏది మానేసినా ఇది మానకు నాయనా. వడగట్టిన రసం సన్నటి పొడుగు జార్‌లో పోసి అందులో దీన్ని వదిలితే తేలుతుంది, ఒకసారి వేళ్లతో తిప్పి వదులు, అంటుకున్న బుడగలు రాలిపోతాయి, అప్పుడు కళ్లు ద్రవం మట్టానికి దించి అంకె చూడు. మొదట్లో 1.090 దగ్గర ఉంటే చక్కెర అంతా పులిశాక సుమారు 12 శాతం ఆల్కహాల్ వస్తుంది. తక్కువ ఉంటే చక్కెర కలపొచ్చు, లీటరుకి 17 గ్రాములు వేస్తే ఒక శాతం పెరుగుతుంది. చివరికి అంకె 1.000 కన్నా కిందికి, 0.995 దాకా దిగుతుంది. మూడు రోజులు వరసగా ఒకే అంకె వస్తేనే పులవడం ఆగినట్టు. బుడగలు ఆగాయి కదా అని బాటిల్స్‌లో నింపేస్తారు చాలామంది, లోపల చక్కెర మిగిలుంటే మళ్లీ పులిసి గ్యాసు పట్టి బాటిల్ పగిలిపోతుంది, గాజు పెంకులు రా అవి, జాగ్రత్త.

అంకె 1.010 దగ్గరకి వచ్చాక బట్ట సంచిలో పిప్పిని పిండేసి రసం గాజు జార్‌లోకి మార్చు. జార్ మూతికి రబ్బరు బిరడా, దాని చిల్లులో ఎయిర్‌లాక్, అందులో సగం దాకా నీళ్లు, లోపలి గ్యాసు నీళ్లలోంచి బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. నీళ్లు ఆరిపోతున్నాయేమో అప్పుడప్పుడు చూస్తుండు. జార్ మెడ దాకా నిండి ఉండాలి, ఖాళీ ఉంటే అక్కడ గాలి చేరి వైన్ పాడవుతుంది.

జార్లు రెండు కొను. అడుగున మడ్డి దిగాక పైన తేటని సన్న పైపుతో రెండోదానిలోకి లాగాలి కదా, ఒక్కటే ఉంటే ఆ రోజు ఇంట్లో గిన్నెలన్నీ వెతుక్కోవాలి. నిండిన జార్ ఎత్తు మీద, ఖాళీది కింద పెట్టి పైపు కొస ఖాళీ జార్ అడుగుకి ఆనించు, పైనుంచి ధారగా పడితే గాలి కలుస్తుంది. మడ్డి దాకా లాగకు, కాస్త వైన్ పోతే పోనీ.

అన్నీ వాడేముందు కడగడం వేరు, శానిటైజ్ చేయడం వేరు, రెండూ చెయ్యి. బ్లీచింగ్ వాడకు, క్లోరిన్ కార్క్‌కి తగిలితే వైన్‌కి ముక్కిపోయిన వాసన పట్టే ప్రమాదం ఉంది. పొటాషియం మెటాబైసల్ఫైట్ పొడి వాడుకో, కొలత ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, కలిపేటప్పుడు కిటికీలు తెరిచి పెట్టు, ఆ ఘాటు పీల్చకు, ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే దగ్గరికి రానివ్వకు.

కార్కులు, కార్కింగ్ మిషను ఇప్పుడే కొనకు, వాటి అవసరం నెలల తర్వాత గానీ రాదు. ఇంట్లో వైన్ చేసుకోడానికి మీ దగ్గర చట్టం ఒప్పుతుందో లేదో మాత్రం బకెట్ కొనకముందే కనుక్కో.

మీ బాబాయ్