వాగ్దాన కార్డు నెరవేరకపోతే దేవుడు దూరమైనట్టేనా?

తమ్ముడూ, వందనాలు. పాలమూరులో రూమ్ తీసుకొని గ్రూప్స్‌కు చదువుతున్నానని రాశావు. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికి వాగ్దానంగా తలా ఒక బైబిలు వచనం కార్డు తీసేటప్పుడు, నీకు యిర్మీయా 29:11 వచ్చింది: మీ గురించి నావి సమాధానకరమైన ఉద్దేశాలే, హానికరమైనవి కావు అని దేవుడు చెప్పే మాట. అది ఉద్యోగం గురించేనని నమ్మి ఏడాదంతా ప్రార్థించావు, శుక్రవారాలు ఉపవాసం ఉన్నావు. ఉద్యోగం రాలేదు. ఇప్పుడు పాస్టరుగారేమో "దీవెనలను కాదు, దేవుణ్ణి వెదుకు" అంటున్నారు. అయితే అడగడమే తప్పా, ఆయన్ని వెదకడమంటే రోజూ చేయాల్సింది ఏమిటి అన్నది నీ ప్రశ్న.

అడగడం తప్పు కాదు. నెలనెలా జీతం పడేవాళ్లకు "దీవెనలు అడగకండి" అని చెప్పడం తేలిక. మాది దేవరకొండ వైపు. బోరు ఎండిపోయిన రైతును నీళ్ల కోసం ప్రార్థించవద్దని నేను అనలేను. ప్రభువు నేర్పిన ప్రార్థనలోనే అనుదినాహారం ఉంది కదా. కాకపోతే దానికంటే ముందు తండ్రీ అన్న పిలుపు ఉంది, ఆయన నామం, రాజ్యం, చిత్తం ఉన్నాయి. మనం వాటిని గబగబా చదివేసి ఆహారం దగ్గర నిలబడతాం.

నీ కార్డు సంగతి చెప్తా. ఆ అధ్యాయం మొత్తం ఒకసారి చదువు. యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా పోయినవాళ్లకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం అది. సమాధానకరమైన ఉద్దేశాలు అనే మాటకు సరిగ్గా ముందు, 10వ వచనంలో, 70 సంవత్సరాలు అని ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది మళ్లీ సొంత ఊరు చూసి ఉండరు. అప్పటిదాకా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అంటాడు. ఆ తర్వాత 13వ వచనం: పూర్ణమనస్సుతో వెదికితే మీరు నన్ను కనుగొంటారు. కార్డు మీద 11 ఒక్కటే పడుతుంది, చోటు సరిపోదు పాపం. నాకు మాత్రం ఆ ఉత్తరంలో అన్నిటికంటే పెద్ద మాట 13లోదే అనిపిస్తుంది. దేవాలయానికి అంత దూరాన, పరాయి రాజ్యంలో కూడా దొరుకుతానంటున్నాడు. ఆ వాగ్దానం నీకు నెరవేరలేదని ఎలా అంటావు?

ఇది నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది కాదు, మా నాయనను చూసి తెలుసుకున్నది. మాకు బత్తాయి తోట ఉండేది. అప్పట్లో మోటార్లకు కరెంటు ఎక్కువగా రాత్రిపూటే ఇచ్చేవారు, అదీ ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. నాయన స్టార్టర్ డబ్బా పక్కన గోనెసంచి పరుచుకొని కూర్చొని, వచ్చిన కీర్తనలన్నీ మెల్లగా చెప్పుకునేవాడు. నేను తోడు పోయి నిద్రపోయేవాణ్ణి. తర్వాత వరసగా బోర్లు ఎండాయి, కొత్తది వేయిస్తే దుమ్ము లేచింది. చెట్లు కొట్టించి కట్టెలకు అమ్మేశాం. అయినా ఆయన రాత్రి అన్నం తిని అటే వెళ్లేవాడు. మోటారు లేదు, కరెంటుతో పని లేదు. "ఇంకెందుకు నాయనా పోవుడు?" అని అడిగితే, "నీళ్ల కోసమే పోయిన్నా ఇన్నేండ్లు?" అన్నాడు. అప్పు తీరడానికి చాలా కాలం పట్టింది. బోరు కోసం ప్రార్థించడమూ మానలేదు.

అలాంటివాళ్లను మన సంఘాల్లో సాక్ష్యం చెప్పమని పిలవరు. ప్లాటు కొన్నవాళ్లను, వీసా వచ్చినవాళ్లను పిలుస్తారు. మా వైపు సంఘాలు చాలావరకు బాప్టిస్టు, మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీల కాలం నాటివి. పాలపొడి కోసం క్రైస్తవుల్లో కలిసిండ్రని ఊళ్లో అంటుంటే మా నాయనమ్మ కోపంతో ఏడ్చేదట. అప్పుడు ఊరు ఎగతాళిగా అన్నమాటనే ఇప్పుడు మన స్టేజీల మీద మైకు పెట్టి మనమే చెబుతున్నాం: వస్తే ఇది దొరుకుతుంది, అది దొరుకుతుంది అని.

నిర్గమకాండం 33 కూడా చూడు. ఇశ్రాయేలీయులు బంగారు దూడను చేసుకొని మొక్కాక దేవుడు వాళ్లతో, దూతను పంపుతాను, శత్రువులను వెళ్లగొడతాను, పాలుతేనెలు ప్రవహించే దేశం మీదే, కానీ నేను మాత్రం మీతో రాను అంటాడు. అడిగినవన్నీ ఇచ్చినట్టే కదా! మోషే ఒప్పుకోలేదు. నీ సన్నిధి రాకపోతే మమ్మల్ని ఇక్కడినుంచి తీసుకుపోవద్దు అన్నాడు, అదీ ఎడారిలో నిలబడి. అపాయింట్‌మెంట్ ఆర్డర్ చేతికొచ్చి ఆయన రాకపోతే నీకు సరేనా అని నిన్ను నువ్వే అడుగు. జవాబు వెంటనే రాకపోయినా పర్వాలేదు, నాకూ కొన్నిసార్లు రాదు.

రోజూ ఏం చేయాలంటావా? పొద్దున ఒక కీర్తన గొంతెత్తి చదువు, చదివిందాని మీదే ఆయనతో మాట్లాడు. ఆ కాసేపు ఏమీ అడగకు. మాక్ టెస్ట్ మార్కులు, రూమ్మేట్‌తో గొడవ, ఇంటికి ఫోన్ చేస్తే నాన్న మాట్లాడకపోవడం, అన్నీ చెప్పు. నీతో కోచింగ్ తీసుకున్నవాళ్లకు ఉద్యోగాలు వచ్చిన రోజున 73వ కీర్తన తియ్యి. అది రాసిన ఆసాపు కూడా ఇతరులను చూసి కుళ్లుకున్నాడు, దాచకుండా చెప్పుకున్నాడు. చివరికి "నాకైతే దేవుని పొందు ధన్యకరము" అన్నాడు, అప్పటికి అతని పరిస్థితి మారినట్టు అందులో ఎక్కడా లేదు. కొన్నాళ్లు ఏమీ అనిపించదు, పొడిగా ఉంటుంది. టెన్షన్ పడకు, చదువుతూ ఉండు.

వచ్చే డిసెంబర్ 31న కార్డు తియ్యాలా అంటే, తియ్యి. ఇంటికెళ్లాక ఆ అధ్యాయం మొత్తం చదువు. ఉద్యోగం గురించి అడగడం ఆపకు. పరీక్ష తేదీ వచ్చాక ఇక్కడే రాయి, మా ఇంట్లో కుటుంబ ప్రార్థనలో నిన్ను జ్ఞాపకం చేసుకుంటాం.