ప్రొటీన్ మందుల పరిశోధనకు ఏ పీజీ మేలు?

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి, ప్రొటీన్ మందులను నానో రేణువుల్లో పెట్టి జీవకణాల్లోకి పంపే పరిశోధన చేస్తానంటోంది. ఎమ్మెస్సీ నానోటెక్నాలజీలో చేర్చమంటారా?
– ఒక తండ్రి

జవాబు: అక్కర్లేదు. ఆమె చదువుతున్న కెమిస్ట్రీయే ఈ రంగానికి దగ్గరి దారి.

1982లో అమెరికాలో అనుమతి పొందిన మానవ ఇన్సులిన్ మొదలుకొని నేటి ప్రొటీన్ మందుల్లో అధికభాగం జీవకణం వెలుపలో, దాని పైపొర మీదో పనిచేసేవే. కొవ్వుతో ఏర్పడిన ఆ పొర అంత పెద్ద అణువును నేరుగా రానివ్వదు కాబట్టి, సుమారు 100 నానోమీటర్ల లిపిడ్ రేణువులో, అంటే కొవ్వు రేణువులో, పొదిగి పంపుతారు. కణం దాన్ని మింగుతుంది గానీ ఎండోసోమ్ అనే సంచిలో బంధిస్తుంది. అందులో ఆమ్లత్వం పెరుగుతూ పోయి, చివరకు కణంలో జీర్ణం చేసే సంచి అయిన లైసోసోమ్‌లోని ఎంజైములు సరుకును ముక్కలు చేస్తాయి. ప్రొటీన్‌కు మెరిసే రంగు తగిలించి మైక్రోస్కోపులో చూస్తే, చిక్కుకున్నది చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది, తప్పించుకున్నది కణమంతా పలచగా పరుచుకుంటుంది. చాలామంది విద్యార్థులకు నెలల తరబడి కనిపించేవి చుక్కలే.

రక్తంలో తటస్థంగా ఉండి, ఆమ్లంలో ధనావేశం పొంది, సంచి గోడను ఛేదించే లిపిడ్లను తయారుచేయడం ఆర్గానిక్ కెమిస్ట్రీ పని. 2020 నాటి ఎంఆర్‌ఎన్‌ఏ కోవిడ్ టీకాలు వాటితోనే సాధ్యమయ్యాయి. అయితే ఆ టీకాల్లోని సరుకైన ఆర్‌ఎన్‌ఏ నిలువెల్లా రుణావేశం గలది కాబట్టి లిపిడ్‌కు సులువుగా అంటుతుంది. ప్రొటీన్లలో ఒక్కొక్కదానిది ఒక్కో ఆకారం, ఒక్కో ఆవేశం, పైగా మడతలు పడి ఏర్పడిన ఆ ఆకారం చెడితే మందుగా పనికిరావు. చేయవలసిన పని ఇక్కడే మిగిలి ఉంది.

కనుక ఐఐటీలు నిర్వహించే పీజీ ప్రవేశ పరీక్ష జామ్ రాయించి ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో చేర్చండి. స్థానికులమా, స్థానికేతరులమా అన్న తలనొప్పి, సరిహద్దు జిల్లాల మనవాళ్లకు అలవాటైనదే, ఆ పరీక్షలో లేదు. నానోటెక్నాలజీ కోర్సులన్నీ పనికిరావని అనను; జీవకణాలు పెంచే ల్యాబ్, రేణువుల సైజు కొలిచే పరికరం ఉన్నాయా, వాటిని విద్యార్థుల చేత ముట్టనిస్తారా అని అడిగిన తర్వాతే ఫీజు కట్టండి. 2016లో మొదలైన ఐసర్ అనే కేంద్ర విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ మీ ఊళ్లోనే ఉంది. వేసవి ప్రాజెక్టు కోసం అక్కడి ఆచార్యులకు అమ్మాయినే స్వయంగా రాయమనండి.

పీహెచ్‌డీకి మరో ఐదారేళ్లు పడుతుంది. సీఎస్ఐఆర్–యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ అనే పరిశోధక ఫెలోషిప్ వస్తే, 2023లో పెంచిన లెక్కన నెలకు 37,000 రూపాయలు అందుతాయి. అంతకాలం వద్దనుకుంటే ఎమ్మెస్సీతోనే హైదరాబాద్ ఫార్మా కంపెనీల ఫార్ములేషన్, అనలిటికల్ విభాగాల్లో ఉద్యోగాలకు ప్రయత్నించవచ్చు. కాకపోతే మందును మోసుకెళ్లే కొత్త రేణువును రూపొందించే అవకాశం అక్కడ తేలిగ్గా రాదు.