94 కెల్విన్ దగ్గర తొందరపడకు

విజయనగరం

బుజ్జమ్మా,

సీజియం, వెనేడియం, యాంటిమొనీ కలిసిన ఆ స్ఫటికాలు శ్రీకాకుళంలో నీ చేతికొచ్చాయని విని చాలా సంతోషపడ్డాను. ఈ పదార్థాల కుటుంబం 2019లో వెలుగులోకొచ్చింది. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఇలాంటిది దొరకడం అదృష్టమే. హీలియం లేదు, సూపర్‌కండక్టివిటీ చూడలేనని దిగులుపడుతున్నావట, అక్క ఫోన్లో చెప్పింది. రెసిస్టెన్స్ పూర్తిగా మాయమయ్యే ఆ స్థితి 2.5 కెల్విన్ దగ్గర గానీ రాదు, దాని సంగతి ప్రస్తుతానికి వదిలెయ్. నీకు కావలసిన చార్జ్ ఆర్డర్, అంటే ఎలక్ట్రాన్ల చార్జ్ ఒక క్రమమైన నమూనాగా సర్దుకోవడం, 94 కెల్విన్ దగ్గరే వస్తుంది. ద్రవ నైట్రోజన్ నిన్ను 77 దాకా దించుతుంది. పశువుల ఆసుపత్రిలో వీర్యం నిల్వ చేసే క్యాన్లలో ఉండేది అదే. గది కిటికీలు తెరిచి ఉంచు, క్యాన్ మూత ఎప్పుడూ బిగించకు.

ముందు బొమ్మ మనసులో పట్టుకో. కోళ్ళగంపని వెదురు బద్దలతో ఆరు మూలల కన్నులుగా అల్లుతారు కదా, కన్నుల చుట్టూ చిన్న త్రికోణాలు వస్తాయి. వెనేడియం పరమాణువులు ఆ బద్దలు ఒకదాన్నొకటి దాటే చోట్ల కూర్చున్నాయనుకో. ఇలాంటి పొరల మధ్యలో సీజియం పొరలు. ఈ అమరిక వల్ల ఫెర్మీ స్థాయికి, అంటే ఎలక్ట్రాన్లు నిండిన శక్తి స్థాయిల పై అంచుకి, ఆనుకునే ఎలక్ట్రాన్ స్థితులు పోగుపడతాయి. వాటినే వాన్ హోవ్ బిందువులంటారు. 94 కిందికి వెళ్ళగానే చార్జ్ కొత్తగా సర్దుకుంటుంది, పరమాణువులూ కొంచెం జరుగుతాయి, పొరలో రెండు దిక్కులా రెట్టింపు పెద్దదైన నమూనా ఏర్పడుతుంది. చాలామంది వాన్ హోవ్ బిందువులనే కారణంగా చెబుతారు. పరమాణువుల కంపనాల పాత్ర ఎంతన్నది ఇంకా తేలలేదు.

ఇక అసలు పని, ఉష్ణోగ్రతతో పాటు రెసిస్టెన్స్ ఎలా మారుతుందో కొలవడం. రెండు తీగల్లో కరెంటు పంపి, ఇంకో రెండిటితో వోల్టేజి చూసే నాలుగు తీగల పద్ధతి నీకు వచ్చు. కానీ ఈ పలకలు పొరలు పొరలుగా ఊడతాయి. మాసిన పై పొరని టేపుతో లేపేసి, కింద మెరిసే ముఖం మీద వెండి పేస్టు పెట్టు. కరెంటు తీగలకి మాత్రం పేస్టు అంచు మీదుగా కిందిదాకా దిగాలి. ఒక పొర నుంచి ఇంకో పొరకి కరెంటు తేలిగ్గా దిగదు. పైన చుక్క పెట్టి ఊరుకుంటే అది పై పొరల్లోనే పారుతుంది, నువ్వేమో మొత్తం మందానికి లెక్క కడతావు. అతుకులు సరిగ్గా పెట్టినా ఇందులో వోల్టేజి చాలా తక్కువే వస్తుంది. అలాగని కరెంటు పెంచితే స్ఫటికం వేడెక్కుతుంది. దాని బదులు ప్రతి పాయింటు దగ్గరా కరెంటు దిశ తిప్పి, రెండు రీడింగుల తేడాలో సగం తీసుకో. అతుకుల మధ్య వేడి తేడా వల్ల పుట్టే థర్మో వోల్టేజి అందులో పోతుంది.

థర్మామీటర్ స్ఫటికం పక్కనే, అదే రాగి దిమ్మె మీద ఉండాలి. చల్లార్చేటప్పుడూ వేడెక్కించేటప్పుడూ రెండుసార్లూ కొలువు. రెసిస్టెన్స్ గీతలో మలుపు రెండు చోట్ల కనిపిస్తే అది స్ఫటికం గుణమని వెంటనే రాసెయ్యకు. వేగం సగానికి తగ్గించి మళ్ళీ చూడు. తేడా కూడా తగ్గిందంటే థర్మామీటర్ వెనకబడుతోందన్నమాట. శ్రావణ మాసం తేమలో, పూర్తిగా గది వేడికి రాకుండా మూత తీశావంటే స్ఫటికం తడిసిపోతుంది.

గీతలో పెద్ద మెట్టు కోసం వెతక్కు. చార్జ్ ఆర్డర్ అనగానే రెసిస్టెన్స్ ఎగబాకుతుందనుకుంటారు. ఇక్కడ కొన్ని ఎలక్ట్రాన్లకే గ్యాప్, అంటే దాటలేని శక్తి ఖాళీ, పడుతుంది, మిగతావి పారుతూనే ఉంటాయి. గీత దిగుతూ దిగుతూనే వంపు తిరుగుతుంది. డెరివేటివ్, అంటే గీత వాలు ఎలా మారుతోందో, గీస్తే ఆ చోటు స్పష్టంగా బయటపడుతుంది.

వైవాలో టైమ్ రివర్సల్ సౌష్ఠవం గురించి, అంటే కాలాన్ని వెనక్కి తిప్పినా స్ఫటికం అలాగే ఉంటుందా అని, అడుగుతారు, టెన్షన్ పడకు. 2022లో మ్యూఆన్లనే చిన్న కణాలని స్ఫటికంలోకి పంపి చేసిన ప్రయోగాలు, సీజియం బదులు పొటాషియం ఉన్న రకంలో చార్జ్ ఆర్డర్‌తో పాటే బలహీనమైన అయస్కాంత క్షేత్రాల జాడ చూపించాయి. 2023లో నీ సీజియం రకం మీదే చేసిన అతి సున్నితమైన కెర్ కొలతలో (తిరిగొచ్చే కాంతి ధ్రువణం ఎంత తిరిగిందో చూసేది) అలాంటిదేమీ కనబడలేదు. రెండూ చెప్పు. తేలని విషయాన్ని తేలిందని మాత్రం చెప్పకు.

మొదటి గ్రాఫ్ రాగానే ఫోటో పంపు. రెండు గీతలూ ఒకే కాగితం మీద వెయ్యి, డిగ్రీల్లో కాదు, కెల్విన్‌లో.

మావయ్య