యాత్ర ముగిశాక మొదలయ్యే చిత్రం: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. లెక్కల విభాగంలో ఉద్యోగం చేస్తున్నాను. ఏటా ఒకటి రెండు ప్రయాణాలు చేస్తూ, వెళ్లిన ప్రతిచోటా చిన్న పుస్తకంలో బొమ్మలు వేసుకోవడం నాకు అలవాటు. ఇంటికి వచ్చి ఫోటోలు చూస్తూ పెద్ద చిత్రాలు వేస్తే మాత్రం వాటిలో జీవం కనిపించడం లేదు. ఉద్యోగం వదిలి, ఏడాది పాటు దేశాలు తిరిగి, చిత్రకారుడిగా రెండో వృత్తి మొదలుపెట్టాలని ఉంది. ఈ వయసులో ఇది సాధ్యమేనా?

జవాబు: వయసు గురించి మీరు బెంగపడనక్కరలేదు. రవీంద్రనాథ్ ఠాగూర్ అరవై దాటాకే చిత్రలేఖనాన్ని గట్టిగా చేపట్టి, 1930లో పారిస్‌లో తొలి ప్రదర్శన జరిపారు. నన్ను ఆలోచింపజేసింది మీ ప్రశ్నలోని మరో మాట. చిత్రాలకు జీవం రాకపోవడానికి ప్రయాణాలు చాలకపోవడమే కారణమని మీరు అనుకుంటున్నట్టున్నారు. నాకు అలా అనిపించడం లేదు.

ఫ్రెంచి చిత్రకారుడు దెలాక్రువా 1832లో ఒక దౌత్య బృందం వెంట మొరాకో వెళ్లి, ఆరు నెలల్లో ఎన్నో నోటుపుస్తకాలు నింపుకొని వచ్చారు. వాటిలో గీతల పక్కనే ఏ గోడ ఏ రంగులో ఉందో, నీడ ఎటు పడిందో మాటల్లో రాసి పెట్టుకున్నారు. అక్కడి సుల్తాను కొలువును చూపే ఆయన పెద్ద చిత్రం వెలువడింది 1845లో, అంటే చూసిన పదమూడేళ్లకు. చిన్న చిన్న వివరాలు మరుపున పడి, మనసుకు బలంగా తాకినవి మాత్రమే మిగిలాకే ఆ యాత్ర తన చేతిలో చిత్రంగా మారిందన్న అర్థంలో ఆయన తర్వాతి కాలంలో రాసుకున్నారు. మీ ఫోటోలు ఆ మరుపుకు చోటివ్వడం లేదు. పైగా ఫోటోకు తనవైన లోపాలున్నాయి: కంటికి నీలంగానో ఊదాగానో తోచిన నీడ అందులో నల్లబడుతుంది, ఆకాశం తెల్లగా పాలిపోతుంది, ఎక్కువ వెడల్పును ఒకేసారి పట్టే ఫోన్ కెమెరా కటకం వల్ల దూరపు కొండ మీరు తలెత్తి చూసిన కొండకన్నా చాలా చిన్నదైపోతుంది. అందువల్ల ఫోటోను ఉన్నదున్నట్టు అనుసరించినకొద్దీ, ఆ చోట మిమ్మల్ని ఆపి నిలబెట్టినదే చిత్రంలో లేకుండా పోతుంది.

ఇకపై ప్రయాణంలో ఫోటో తీసే ముందు, అరచేతిలో సగమంత చిత్తుబొమ్మలో వెలుగు, మధ్యఛాయ, నీడ అనే మూడు స్థాయిలు మాత్రమే గుర్తించండి. పక్కన సమయం, వెలుగు వచ్చే దిశ, రంగుల పేర్లు రాయండి. రెండు గంటలు గడిస్తే నీడలన్నీ మారిపోతాయి కనుక మొదట గుర్తించిన వెలుగునే చివరిదాకా నమ్మాలి. ఇంటి దగ్గర ఆ చిత్తుబొమ్మ నుంచే పెద్ద చిత్రం మొదలుపెట్టి, కిటికీలు ఎన్ని, పడవ అంచు ఎలా వంగింది వంటి సందేహం వచ్చినప్పుడే ఫోటో తెరవండి.

ఉద్యోగం విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఇప్పుడే మానవద్దు. ఫ్రెంచి చిత్రకారుడు గోగాఁ స్టాక్ మార్కెట్ ఉద్యోగం వదిలి చివరకు పసిఫిక్ ద్వీపమైన తాహితి చేరిన కథ చాలామందిని ఊరిస్తుంది. అయితే 1882లో మార్కెట్ కూలి ఆ కొలువుకు ముప్పు వచ్చేనాటికే ఆయన ఏళ్ల తరబడి చిత్రాలు వేస్తూ, ప్రదర్శిస్తూ ఉన్నారు. అయినా ఆ తర్వాత ఆయనా, భార్యాపిల్లలూ పడిన ఇబ్బందులు తక్కువవి కావు. మరోవైపు, సుంకం వసూలు చేసే కొలువు నుంచి 1893లో 49వ ఏట తప్పుకున్న మరో ఫ్రెంచి చిత్రకారుడు ఆన్రీ రూసో ఫ్రాన్సు దాటకుండానే పారిస్ వృక్షోద్యానంలో చూసిన మొక్కలతో తన అడవి చిత్రాలను సృష్టించారు. అందుకే మీరు తలపెట్టిన ఏడాదిని తిరగడానికి కాక, ఇప్పటికే నిండిన పుస్తకాలతో కూర్చోవడానికి కేటాయించమంటాను. కొత్త ప్రయాణమేదీ లేకుండా, వారానికి నియమిత గంటల్లో, ఒకే ప్రాంతం మీద ఇరవై చిత్రాలు పూర్తిచేయండి. పదో చిత్రం దగ్గర విసుగు పుడితే మీకు కావలసింది ప్రయాణమే, వృత్తి కాదు. అందులో తప్పేమీ లేదు. ఇరవయ్యోది వేస్తున్నప్పుడు ఇంకా చెప్పవలసినది మిగిలి ఉందనిపిస్తే, గ్యాలరీకి చూపదగిన చిత్రాల వరుస మీ చేతిలో ఉన్నట్టే. అమ్మకపు ధరలో సగం దాకా తీసుకునే గ్యాలరీలు అనేకం కనుక ఫ్రేము, రంగుల ఖర్చు పోగా మిగిలేదెంతో లెక్కవేసి, అది రెండేళ్ల పాటు నిలకడగా వచ్చాకే రాజీనామా గురించి ఆలోచించండి. ఆ లెక్క మీకు ఎవరూ నేర్పనక్కరలేదు.

ప్రశ్న: ప్రయాణంలో తీసుకెళ్లడానికి ఏ రంగులు మంచివి? అక్కడ వేసిన చిత్రాలను అమ్మవచ్చునా?

జవాబు: నీటిరంగుల బిళ్లలు, మూడు కుంచెలు, చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే నూలు కాగితం చాలు. తైలవర్ణాలు ఆరడానికి రోజులు పడుతుంది, టర్పెంటైన్‌ను విమానంలోకి అనుమతించరు. అమ్మే ఉద్దేశం ఉంటే రంగు బిళ్ల పొట్లం మీదో గొట్టం మీదో వెలుగుకు తట్టుకునే స్థాయిని తప్పక చూడండి. అసలైన అలిజరిన్ ఎరుపు, మెరిసే ఫ్లోరసెంట్ రంగులు వెలుతురు తగిలే గోడ మీద క్రమంగా వెలిసిపోతాయి. డబ్బు పెట్టి కొన్నవారికి అలాంటి చిత్రం ఇవ్వడం న్యాయం కాదు. అనుమానమున్న ప్రతి రంగునూ ఒక కాగితం మీద పూసి, సగం మూసి, ఎండ పడే కిటికీలో మూడు నెలలు ఉంచి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.