నోటుబుక్కుకు గుడ్డ అట్ట: పెద్దనాయన జాబు

అమ్మాయీ,

మీ టీచరమ్మ రిటైరవుతున్నారని, కొన్న వస్తువు కాకుండా చేత్తో చేసింది ఇవ్వాలని, నోటుబుక్కుకు గుడ్డ అతికించడం ఎట్లా అని అడిగినావు. ఆదోనిలో పత్తి వ్యాపారుల లెక్కల పుస్తకాలకు బైండింగ్ చేసిన చేతులు నావి, కాబట్టి సరైన మనిషినే అడిగినావు అనుకుంటా.

మీ అమ్మ పాత ధర్మవరం పట్టుచీర కొంగు కత్తిరించి వేస్తానన్నావే, ముందు ఆ ఆలోచన మానుకో. మీ అమ్మ తిట్టే సంగతి పక్కన పెట్టు, జరీ ఉన్నచోట గుడ్డ మొండిగా ఉండి మూలల దగ్గర మడత అణగదు, కత్తిరించిన అంచులో జరీ పోగులు లేచి చేతికి గుచ్చుకుంటాయి, పైగా గమ్ తడి పట్టులోంచి పైకి ఊరిందంటే ఆ మరక ఇక పోదు. ఇవన్నీ ఎట్లాగో సర్దుకున్నా, అంత ఖరీదైన గుడ్డ వేసిన పుస్తకంలో మీ టీచరమ్మ పాల లెక్క రాసుకుంటుందా? బీరువాలో పెట్టేస్తుంది. రాసుకునే పుస్తకం ఇస్తున్నావు, నలిగితే, కాస్త మాసితే బాధ కలగని గుడ్డ వెయ్యి.

ఎమ్మిగనూరు నేత గుడ్డ దొరికితే చూడు, మందపు నూలు, మరీ పల్చనిది వద్దు. కొత్తదైతే ఒకసారి నీళ్లలో జాడించి, గంజి పోయాక ఆరేసి ఇస్త్రీ చెయ్యి, లేకుంటే గమ్ తడికి కుంచించుకుపోయి అట్టను వంచుతుంది. పాత నూలు చీరైతే ఆ బాధ లేదు, ఎప్పుడో కుంచించుకుని ఉంటుంది. గళ్లు, చారలు మాత్రం మొదటిసారి వద్దు, ఒక్క పోగు వంకర పోయినా దూరం నుంచే కనబడుతుంది. చిన్న పూలు, లేదంటే ఒకే రంగు చాలు.

నోటుబుక్కు గట్టి అట్టది, కుట్టు బైండింగ్‌ది తీసుకో. స్పైరల్‌ది ఈ పనికి రాదు.

పుస్తకం మూసి ఉంచి, ముందు అట్ట అంచు నుంచి వెన్ను మీదుగా వెనక అట్ట అంచు దాకా టేపు చుట్టి కొలువు. తెరిచి పరిచి కొలిచినావంటే గుడ్డ చాలదు, అట్ట మూసేటప్పుడు పీక్కుంటుంది. నాలుగు వైపులా ముప్పావు అంగుళం వదులు. కత్తెర పెట్టే ముందు గుడ్డలోంచి ఒక పోగు లాగు, సన్నగా గీత పడుతుంది, దాని వెంబడే కత్తిరిస్తే స్కేలు కూడా అక్కర్లేదు.

ఇక గమ్. ఫెవికాల్‌లో కొంచెం నీళ్లు కలుపుకో, కానీ మన కర్నూలు జిల్లా ఎండల్లో ఫ్యాన్ కింద కూర్చున్నావంటే సగం పూసే లోపలే పొర కట్టేస్తుంది, కాబట్టి ఫ్యాన్ ఆపు, చెమట పడితే పడనీ. నాకైతే మైదా గమ్మే ఇష్టం. ఒక వంతు మైదాకు ఐదారు వంతుల నీళ్లు పోసి ఉండ కట్టకుండా కలిపి, సన్న మంట మీద దోసెపిండిలా చిక్కబడే దాకా తిప్పు, చల్లారాక వాడు. అది నెమ్మదిగా ఆరుతుంది, వంకర పోతే జరిపి సరిచేసుకోవచ్చు. ఒకటి రెండు రోజుల్లో పులిసిపోతుంది, ఆ రోజుకు కావలసినంతే చేసుకో. పురుగు పట్టకుండా మేం మైలుతుత్తం కలిపేవాళ్లం, అది విషం, ఇంట్లో పిల్లలున్నారు, నువ్వు కలపొద్దు.

గమ్‌ను గుడ్డకు కాదు, అట్టకు పూయి, అదీ పల్చగా. ముందు వెన్నుకు పూసి గుడ్డ నడిమి భాగం అతికించి, పుస్తకం మూసే ఉంచి ముందు అట్టకు, తర్వాత వెనక అట్టకు లాగి సర్దు. అట్టకూ వెన్నుకూ మధ్య గాడి ఉంటుందే, అక్కడ దువ్వెన వీపుతో గుడ్డను నొక్కు, పుస్తకం తెరుచుకునేది అక్కడే. ఆ గాడిలో గుడ్డ బిగుతుగా ఉంటే ఎంత అందంగా అతికించినా పుస్తకం సగమే తెరుచుకుంటుంది, రాసేవాళ్లు ఒక చేత్తో పట్టుకుని ఉండాల్సి వస్తుంది.

మూలల్లో గుడ్డను ఏటవాలుగా కత్తిరించు, కానీ అట్ట కొసకు ఆనించి కాదు, అట్ట మందానికి ఒకటిన్నర రెట్లు వదిలి. ఆ కాస్త వదలకపోతే కొసలో అట్ట బయటపడి నాలుగు రోజుల్లో చిరుగుతుంది. ముందు పైనా కిందా మడిచి, మూలలో మిగిలిన చిన్న ముక్కను గోటితో లోపలికి నొక్కి, ఆ తర్వాత పక్క అంచు మడువు. వెన్ను దగ్గర పైనా కిందా గుడ్డ మడవడానికి చోటుండదు, అక్కడ రెండు పక్కలా చిన్న గాటు పెట్టి, మధ్యలో మిగిలిన ముక్కను వెన్నుకు సమంగా కత్తిరించి, పోగులు రాకుండా అంచుకు చుక్క గమ్ రాయి.

లోపలి వైపు మడతలు కనబడకుండా రంగు కాగితం అతికించు, అంచుకు కొంచెం చిన్నదిగా. ఇది అందం కోసమే అనుకుంటారు చాలామంది. గుడ్డ ఆరుతూ అట్టను తన వైపు లాక్కుంటుంది, లోపలి కాగితం ఆరుతూ ఎదురు లాగుతుంది, అందుకే అట్ట వంగకుండా నిలుస్తుంది. మరీ పల్చని కాగితం వేస్తే ఆ పని చెయ్యదు.

ఆరేటప్పుడు అట్టకూ మొదటి పేజీకీ మధ్య కడిగి తుడిచిన పాల ప్యాకెట్టు కవరు పెట్టు, వెనక కూడా. లేకపోతే తడి పేజీలకెక్కి అలలు పడతాయి. పైన చదునైన పలక, దాని మీద సన్నికల్లు పెట్టి రాత్రంతా కదిలించకు. ఎండలో మాత్రం పెట్టొద్దు.

ఇంకోటి, గిఫ్టు ప్యాకింగ్ తొందరపడి చెయ్యకు. ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది గానీ అట్టలో తడి ఉంటుంది, ప్లాస్టిక్ కవర్లో చుట్టేస్తే బూజు వాసన వస్తుంది. ఫంక్షన్ శనివారం అన్నావు కదా, బుధవారానికల్లా అతికించేసి, రాత్రంతా బరువు కింద ఉంచి, పొద్దున బరువు తీశాక ఒక రోజు గాలికి ఉంచు, శుక్రవారం సాయంత్రం కాగితంలో చుట్టుకో.

మీ పెద్దనాయన