చిల్లర డబ్బా ఆపదలో అక్కరకు రాదు

ప్రశ్న: మాది దేవరకొండ. బస్టాండు దగ్గర టీ హోటల్ నడుపుతాను. భార్య, ఇద్దరు పిల్లలు. ఇంటి ఖర్చు, హోటల్ కిరాయి కలిపి నెలకు 24,000 అవుతుంది. పదేళ్లుగా గల్లాలోకి వచ్చే చిల్లరలో పాత నాణేలు ఏరి ఒక డబ్బాలో దాస్తున్నాను. వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5 రూపాయల బిళ్లలు మూడు దొరికాయి. చారాణాలు (25 పైసల బిళ్లలు) కూడా చాలా ఉన్నాయి. వేరే పొదుపు లేదు, ఆపదకు ఆ డబ్బా ఉందని ధైర్యం. తెలిసినాయన తన నాణేలన్నీ 60,000కు ఇస్తానంటున్నాడు. నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి కొనవచ్చా? ఇంకొకరు ఫోన్ చేసి, ముందు 8,500 టాక్స్ కడితే నా నాణేలు 5 లక్షలకు కొంటామన్నారు.

జవాబు: అప్పు చేయకండి, ఆ ఫోన్ చేసినవాళ్లకు ఒక్క రూపాయి కూడా పంపకండి. పాత నాణేల అమ్మకం పేరుతో టాక్స్, కమీషన్ అడిగేవాళ్లను నమ్మవద్దని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. ఇప్పటికే ఏమైనా పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

60,000కు మూడు రూపాయల మిత్తి అంటే నెలకు 1,800, ఏడాదికి 21,600. అసలు అలాగే ఉంటుంది. నాణేలు డబ్బాలో కూర్చుంటాయి, మిత్తి మాత్రం మీరు అమ్మిన టీల మీద నుంచి పోతుంది. అమ్ముడుపోతాయో లేదో తెలియని సరుకు కోసం ఇంత మిత్తికి అప్పు చేయాలనే ఆలోచన వస్తేనే నాకు కోపం వస్తుంది.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా టెన్షన్ పెట్టిన మాట మాత్రం వేరే ఉంది. ‘ఆపదకు ఆ డబ్బా ఉంది’ అన్నారు. బంగారం, ప్లాటు, నాణేలు చూసుకుని ఇలాగే ధైర్యంగా ఉండేవాళ్లు చాలామంది. రేపు మీకు జబ్బు చేసి హోటల్ పది రోజులు మూతపడితే, అర్ధరాత్రి ఆస్పత్రి కౌంటర్ దగ్గర ఆ డబ్బా ఎవరు తీసుకుంటారు? వైష్ణోదేవి బిళ్ల అందరి చేతుల్లో తిరగడానికి విడుదల చేసిన నాణెమే. మీ ఒక్క గల్లాలోకే మూడు వచ్చాయంటే అదెంత అరుదో మీరే లెక్కేసుకోండి. చారాణాలైతే 2011 జూన్ 30 నుంచి అసలు చెల్లవు, బ్యాంకు కూడా తీసుకోదు. ఇంట్లో పెద్దల నాటి చార్మినార్ బొమ్మ నిజాం వెండి రూపాయలు ఉంటే అది వేరే సంగతి, వెండికైనా ధర వస్తుంది.

చిల్లర ఏరడం మానమని చెప్పను. ఖర్చు లేని సరదా అది. నాణెం మీద సంవత్సరం అంకెల కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్‌లో అచ్చయిందని, చుక్క ఉంటే నోయిడా అని పిల్లలకు చూపించండి. చింతపండు పెట్టి తోమకండి, తోమితే కొనేవాళ్లు ధర తగ్గిస్తారు.

మీకు కావలసింది ఆరు నెలల ఖర్చు, అంటే 1,44,000. రోజూ గల్లా కట్టేటప్పుడు 200 తీసి పక్కన పెడితే రెండేళ్లలో చేరుతుంది. హోటల్ డబ్బుతో కలపకుండా వేరే బ్యాంకు ఖాతాలో వేయండి. సరుకుకు తక్కువైందని అందులోంచి తీయకండి. బంగారం, చిట్టీ, ఫండ్లు అన్నీ దీని తర్వాతే. బీమా మాత్రం వాయిదా వేయకండి: బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవన్ జ్యోతి జీవిత బీమా ఈ వారమే కట్టండి.

ఈ ఆదివారం డబ్బా బోర్లించి, మనసుకు నచ్చినవి ఓ పిడికెడు ఉంచుకుని, చెల్లే నాణేలన్నీ లెక్కపెట్టి ఆ కొత్త ఖాతాలో వేయండి. మొదటి జమ అదే కావాలి.