పోస్టులతో ఒరిగేదేమైనా ఉందా?

ప్రశ్న: అమెరికాలో వలసదారుల హక్కుల ఉద్యమాలకు సామాజిక మాధ్యమాలే ప్రాణమని కొందరు, ఆ పోస్టులతో ఒరిగేదేమీ లేదని మరికొందరు అంటున్నారు. ఏది నిజం?
– ఒక పాఠకురాలు

జవాబు: రెండూ సగం నిజాలే. సరైన పత్రాలు లేకుండా అక్కడ ఉండటాన్నే నేరంగా మార్చే బిల్లును 2005 డిసెంబరులో అమెరికా చట్టసభలోని దిగువ సభ అయిన ప్రతినిధుల సభ ఆమోదించింది. దానికి నిరసనగా 2006 మార్చి 25న లాస్ ఏంజెలస్ వీధుల్లోకి, పోలీసుల అంచనా ప్రకారమే, 5 లక్షల మంది వచ్చారు. వారిలో చాలామందిని కదిలించింది స్పానిష్ రేడియో. తెల్ల దుస్తులు వేసుకుని రమ్మని వ్యాఖ్యాతలు పదేపదే చెప్పారు. ఆ వెంటనే వచ్చిన సోమవారం వేలాది విద్యార్థులు తరగతులు విడిచి నడిచారు. వారికి కబురు అప్పటి సామాజిక మాధ్యమమైన మైస్పేస్ పేజీల్లోనూ సెల్‌ఫోను సందేశాల్లోనూ అందింది. పెద్దలకు వారు నమ్మే గొంతు నుంచి, పిల్లలకు వారు రోజూ మసలే చోటి నుంచి పిలుపు వెళ్లింది. ఆ బిల్లు చట్టం కాలేదు.

2018 నాటి ఉదంతం నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది. సరిహద్దులో తల్లిదండ్రుల నుంచి వేరుచేసిన పిల్లల ఏడుపు రికార్డింగును ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ జూన్ 18న బయటపెట్టింది. అందులో ఎల్ సాల్వడార్‌కు చెందిన ఆరేళ్ల పాప, తనకు కంఠతా వచ్చిన బంధువు ఫోను నంబరు చెబుతూ, ఆమెకు ఫోను చేయమని బతిమాలుతుంది. ఆ గొంతు ఫోను నుంచి ఫోనుకు పాకింది. జూన్ 20న అధ్యక్షుడు ట్రంప్ ఈ పద్ధతిని ఆపే ఉత్తర్వుపై సంతకం చేశారు. అయితే అప్పటికే వేరైన పిల్లలను తిరిగి చేర్చమని ఆదేశించింది మాత్రం జూన్ 26న శాన్ డియాగో ఫెడరల్ న్యాయమూర్తి. ఆ దావాను పౌరహక్కుల న్యాయవాదులు ఫిబ్రవరిలోనే, అంటే ఆ ఏడుపు లోకానికి వినపడక ముందే, వేసి ఉంచారు.

ఇక ప్రమాదం సంగతి. 2019 నుంచి అమెరికా వీసా కోరేవారిలో దాదాపు అందరూ గత ఐదేళ్లలో వాడిన సామాజిక మాధ్యమ ఖాతాల వివరాలను దరఖాస్తులో రాయవలసి వస్తోంది. పౌరులు నిర్భయంగా పెట్టే పోస్టునే పెట్టడానికి వలసదారు వందసార్లు ఆలోచించుకోవాలి. ఈ అసమానతను గుర్తించకుండా వారిని గొంతెత్తమనడం నాకు న్యాయంగా తోచదు. అందువల్ల వారి ముఖమో ఇంటి ఆనవాళ్లో కనిపించే వీడియోను మీరు పంచుకోదలిస్తే, ముందు వారి అనుమతి అడగండి.